ముప్పై నాడెల మోకాలు

ఆదోని ఆస్పత్రిలో పనిచేసే రోజుల్లో ఒక చిన్నపిల్ల కేసు కాగితం మీద నేనొక అబద్ధం రాశాను. ఒకటే వాక్యం, ఇంగ్లీషులో, ఆరేడు మాటలు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక్క రోజు మానకుండా డైరీ రాసేదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం "ఎండ ఎక్కువగా ఉంది" అని రాసి మూసేశాను. ఆదోనిలో ఎండ ఎక్కువగా ఉందని ఎవరైనా డైరీలో రాసుకున్నారంటే ఏదో దాస్తున్నారనే అర్థం.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, రిటైరై ఇంట్లో కూర్చున్నా నన్ను అడిగేవాళ్ళు తగ్గలేదు. పిల్లకో పిల్లవాడికో ఫిజియోథెరపీ మొదలుపెట్టమని డాక్టరు చెప్పగానే తల్లీతండ్రీ ఎవరినో ఒకరిని పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "ముందుగా మేమేం తెలుసుకోవాలండీ?" అంటారు. ఎన్ని నెలలు పడుతుంది, ఏ యంత్రాలున్న చోటికి వెళ్ళాలి, ఇదీ వాళ్ళ ఆలోచన. "ముందు ఏ కాలో అడిగి తెలుసుకోండి" అంటాను నేను. పెద్దావిడ ఏదో అంటోందిలే అన్నట్టు మర్యాదగా నవ్వుతారు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కూడా అలాగే నవ్వుతారు. నవ్వండి. నవ్వాల్సిన కథే.

అప్పటికి డెబ్బైల దశకం చివరికొచ్చింది. నాకు ఇరవై మూడేళ్ళు. హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చి ఆస్పత్రి వెనకవైపు గదిలో చేరాను. ఒక చెక్క బల్ల, గోడకు బిగించిన చెక్క నిచ్చెన, నాలుగు ఇసుక సంచులు. బల్ల సొరుగులో పైన కట్లు కట్టే గుడ్డలు, కింద నవలలు. ఊళ్ళో వాళ్ళు దాన్ని "కాళ్ళు పట్టే డాక్టరమ్మ గది" అనేవారు. నేను డాక్టరును కానని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను గానీ, అది చెప్పేంత గొంతు నాకు లేదు.

గొంతు లేదంటే మరీ లేదు. ఉద్యోగంలో చేరిన రోజు గుమాస్తా నా పేరు మూడుసార్లు అడిగి, నాలుగోసారి కాగితం, కలం నా ముందుకు తోశాడు. అందుకే దేవుడు నాకు మా ఆయాను ఇచ్చాడు. నడివయసు మనిషి. ఆమె మాట్లాడితే మందుల గదిలో సీసాలు కదిలేవి. నేను రోగికి గుసగుసగా ఒక ముక్క చెబితే, ఆమె దాన్ని నాలుగు ముక్కలు చేసి ప్రకటించేది. "రోజుకు రెండుసార్లు చేయాలి" అని నేనంటే, "దినాము రెండు పూట్లా సెయ్యాల! సెయ్యకుంటే మేడంకు కోపమొస్తాది! మేడం కోపం మీరు సూళ్ళేదు!" అనేది. నా కోపాన్ని ఎవరూ చూడని మాట నిజమే. నేనూ చూడలేదు.

ఆ ఆయా టీకి పోయిన సమయంలో ఎమ్మిగనూరు నుంచి ఆ కుటుంబం వచ్చింది.

నేతపనివాళ్ళు. పిల్లను చంకలో వేసుకుని అవ్వ, వెనక పిల్ల తండ్రి. తల్లి కాన్పుకు పుట్టింటికి పోయిందట. పిల్లకు నాలుగేళ్ళు. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఎడమకాలు పడిపోయింది. పోలియో. అప్పట్లో వారానికి అలాంటి పిల్లలు నలుగురైదుగురు వచ్చేవారు. ఈ పిల్ల ఆ కాలిని ఎప్పుడూ మడిచి కింద పెట్టుకుని కూర్చోవడం వల్ల మోకాలు వంగినచోటే బిగుసుకుపోయింది. మూడు నెలలకోసారి కర్నూలు నుంచి ఎముకల డాక్టరు, ఆయన వెంట ఇనుప కమ్మీల బూట్లు చేసే మేస్త్రీ వచ్చేవారు. మోకాలు తిన్నగా సాగితే బూటు తొడిగి పిల్లను నిలబెట్టవచ్చు. సాగకపోతే ముందు కర్నూలులో ఆపరేషన్.

ఆపరేషన్ అనగానే తండ్రి చేతులు జోడించాడు. "కోత మాటొద్దు డాక్టరమ్మా. మా ఇంట్లో కోతకు పోయినోళ్ళు తిరిగొచ్చింది లే. అట్లయితే పిల్లను ఎట్లుండేది అట్లే ఎత్తుకోని పోతాం."

"ఎన్నాళ్ళు ఎత్తుకుంటావురా?" అంది అవ్వ. "వచ్చే ఏడు బడి. ఆ మీద పెండ్లి. పెండ్లికొడుకు ఇంటికీ నువ్వే ఎత్తుకోని పోతావా?"

అంటే డాక్టరు మళ్ళీ వచ్చేదాకా ఆ మోకాలికి ఉన్నది పన్నెండు వారాలు. అప్పటికి సాగితే బూటు, నడక, బడి. సాగకపోతే జీవితాంతం పాకడమే.

వ్యాయామం చిన్నదే. మోకాలి పైన ఒక చేయి, మడమ కింద ఒక చేయి పెట్టి, మెల్లగా సాగదీసి, ముప్పై లెక్కపెట్టేదాకా అలా పట్టి ఉంచాలి. గట్టిగా నొక్కకూడదు, వదలకూడదు. పూటకు పదిసార్లు. చూపిద్దామని ఎడమకాలి మీద చేయి వేశాను. పిల్ల నా మణికట్టు కరిచింది. మామూలుగా కాదు. పళ్ళ వరుస మొత్తం అచ్చు పడింది.

అప్పుడు నేను మా చదువులో నేర్పిన పనే చేశాను. భయపడే పిల్లకు ముందు బాగున్న కాలి మీద చూపించాలి. కుడికాలు పట్టుకున్నాను. పిల్ల కిక్కురుమనలేదు. మెల్లగా చాపాను, ముప్పై లెక్కపెట్టాను, అవ్వకు చూపించాను. "ఇలా ఆ కాలికి చేయాలి" అని కూడా చెప్పాను. చెప్పానని నాకు బాగా గుర్తు. కానీ ఆయా టీకి పోయింది కదా. నా గొంతు ఎడమకాలు అంది, నా చేతులు కుడికాలు అన్నాయి. అవ్వకు వినిపించింది చేతులే.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయేదాన్ని. అక్కడి ఆస్పత్రిలో ఒక పూట నాకొక గది ఇచ్చేవారు. ఆయా రాదు. అవ్వ పిల్లను తీసుకుని తప్పకుండా వచ్చేది. పిల్ల నన్ను చూడగానే పళ్ళు చూపించేది. నేను నా చేతులు వెనక్కి పెట్టుకుని దూరం నుంచే అడిగేదాన్ని.

"చేస్తున్నారా అవ్వా?"

"సేస్తాండాం డాక్టరమ్మా. ఒక్క పూట తప్పలే."

"ముప్పై లెక్క..."

"నాకు ముప్పై దాకా లెక్క రాదులే గానీ, మగ్గం మీద మా వాని నాడె ముప్పై తూర్లు అటూ ఇటూ పోయేదాకా పట్టుకుంటా. వాడు ఒకటీ రెండూ అని పైకి సెప్తా కొడతాడు. మధ్యన దారం తెగిందనుకో, అతికించేదాకా కూడా ఇడిసేదిల్యా."

"ఏడుస్తుందా?"

"యాడ ఏడుస్తాది! బొరుగులు తింటా కూర్చుంటాది మహారాణి."

ఆ రోజు డైరీలో రాసుకున్నాను: "ఏడవని పిల్ల! నా పద్ధతి మంచిదే." రిజిస్టరులో ఏడు వారాలపాటు ఆ పిల్ల పేరుకెదురుగా "బాగున్నది" అని రాశాను. మోకాలు బిగుసుకుపోయిన పిల్ల బొరుగులు తింటూ దాన్ని సాగదీయించుకుంటోందంటే, ఎవరో ఎక్కడో పొరబడ్డారని అనుమానించాలి. నాకు ఆ ఊహే రాలేదు. నవలలు చదివేదాన్ని కదా, నా చేతిలో ఏదో చలువ ఉందనుకున్నాను.

ఎనిమిదో శుక్రవారం వాళ్ళు రాలేదు. పొద్దున్నే వీధిలో పడుగు చాపారని, అందరూ ఆ పనిలో ఉన్నారని కబురొచ్చింది. నేనే వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. పడుగు దారాలు వీధి పొడుగునా సాగి ఎండకు ఆరుతున్నాయి. లోపల గుంటమగ్గంలో తండ్రి కూర్చుని పని మొదలుపెట్టాడు. "పదకొండూ... పన్నెండూ..." అంటున్నాడు. మగ్గం పక్కన చాప మీద అవ్వ, ఆమె ఒళ్ళో పిల్ల. పిల్ల చేతిలో బొరుగుల గిన్నె. అవ్వ రెండు చేతులతో, దేవుడి విగ్రహాన్ని పట్టుకున్నంత భక్తిగా, పిల్ల కుడికాలు చాపి పట్టుకుని ఉంది. ఎడమకాలు ఎప్పటిలాగే పిల్లికూనలా మడుచుకుని కింద పడుకుంది.

గడపలో నిలబడిపోయాను.

"రా డాక్టరమ్మా!" అంది అవ్వ. "సూడు ఎంత గట్టిగయిందో. ఎద్దు కాలు మాదిరి ఉండాది."

పక్కింటి ఆమె గుమ్మంలోంచి తొంగి చూసింది. "నేను సెప్తానే ఉండా మేడం! పడిపోయిన కాలుకు గదా సెయ్యాల్సింది, బాగుండే కాలుకు ఎందుకని. వింటేనా ఈ ముసల్ది!"

"నోర్ముయ్యే! డాక్టరమ్మ కంటే నీకెక్కువ తెలుసునా? ఆయమ్మ ఈ కాలే పట్టుకోని సూపించె. నేను నా కండ్లతో సూసినా." అవ్వ నా వైపు తిరిగింది. "సెప్పు తల్లీ ఆ యమ్మకు!"

మగ్గం ఆగింది. తండ్రి చూస్తున్నాడు. పక్కింటామె చూస్తోంది. పిల్ల కూడా నమలడం ఆపి చూస్తోంది. ఒక్క మాట అంటే సరిపోయేది: పొరపాటైంది, నాదే. దానికి బదులు నా నోట్లోంచి ఈ మాట వచ్చింది:

"ఆ కాలు... అయిపోయింది అవ్వా. ఇప్పుడు ఈ కాలు."

అవ్వ నా ముఖంలోకి చూసింది. నాడె ఒక కొస నుంచి ఇంకో కొసకు పోయేంతసేపు. "అట్లనా" అంది. పక్కింటామె వైపు తిరిగి, "విన్యావా? ఆ కాలుది అయిపాయె. దేనికైనా ఒక వరస ఉంటాది" అంది. తన ఒళ్ళోంచి పిల్ల కుడికాలు దించి, ఎడమకాలు తీసుకుంది.

ఆ తర్వాత పిల్ల పెట్టిన కేకకు వీధిలో పడుగు దగ్గరున్నవాళ్ళంతా లోపలికి పరిగెత్తుకొచ్చారు.

సాయంత్రం ఆదోని చేరి రిజిస్టరు ముందు కూర్చున్నాను. ఏడు వారాలు "బాగున్నది". డాక్టరు రావడానికి ఇంకా ఐదు వారాలు. అప్పుడు మోకాలు సాగకపోతే ఏం చెప్పాలి? కేసు కాగితం తీసి ఆ వాక్యం రాశాను. ఇంటివారు వ్యాయామం సరిగా చేయించడం లేదు. సిరా ఆరేదాకా ఊదాను కూడా.

రాసింది దిద్దలేను కాబట్టి, కనీసం మోకాలు దిద్దుదామని వారానికి మూడుసార్లు ఎమ్మిగనూరు పోవడం మొదలుపెట్టాను. నా రెండు చేతుల మీదా పళ్ళ అచ్చులు చూసి ఆయా, "అరె మేడం, కుక్క కరిసిందా?" అంది. కాదు, కేసు అన్నాను.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. పిల్ల ఏడుపు తండ్రి తట్టుకోలేకపోయాడు. మగ్గం దిగి పోలేడు, ఎందుకంటే లెక్క అతని నాడెదే. అందుకని నాడె వేగం పెంచాడు. ముప్పై త్వరగా అయిపోతే అవ్వ త్వరగా వదులుతుంది కదా! ఈ కిటుకు పిల్ల రెండు రోజుల్లో పసిగట్టింది. అవ్వ కాలు పట్టుకోగానే, ఏడుపు ఆపి మగ్గం వైపు అరిచేది: "నాయ్నా, బిర్నా! బిర్నా కొట్టు నాయ్నా!" తండ్రి ఒళ్ళు మరిచి నాడె తాడు గుంజేవాడు. మగ్గం టకటకలాడి ఇల్లంతా అదిరేది.

"ఏమిరా, తేరు లాగేదానికి పోతాండావా?" అని అవ్వ అరిచేది. "బిర్న కొడితే నేను యాభై లెక్కేస్తా!"

"నువ్వు ముప్పై అంటివి గదమ్మా! ముప్పై అంటే ముప్పైనే!"

తల్లీకొడుకుల ఈ బేరంలో మోకాలికి ఏమీ దక్కడం లేదని నాకు అర్థమైంది. మూడోసారి పోయినప్పుడు, ఎలా వచ్చిందో తెలియదు, మగ్గం మోతను మించి నా గొంతు వచ్చింది: "అన్నా! నిదానంగా కొట్టు! నీ కూతురు నడవాలా వద్దా?"

అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది నేనే. పక్కింటామె, "యమ్మా! ఈ యమ్మకు గొంతు ఉండాదే!" అంది. తండ్రి తల వంచుకుని, ఒక్కో నాడెకూ ఒక్కో నిట్టూర్పు చొప్పున, నిదానంగా కొట్టాడు. పిల్ల ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. ముప్పై అయింది.

కొత్తగా పనిలో చేరేవాళ్ళకు ఒక మాట. మీరు ఇంట్లో చేయమని చెప్పే ప్రతి పనినీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమకొద్దీ చెడగొడతారు. కోప్పడకండి. ఒకసారి పోయి చూడండి. ఇంటివాళ్ళకు ఇంకో మాట. మేం చూపించగానే తల ఊపి వెళ్ళిపోకండి. మా ముందే, మీ చేతులతో, మీ బిడ్డకు చేసి చూపండి. మేం తప్పు చూపించి ఉంటే అక్కడే బయటపడుతుంది.

డాక్టరు వచ్చే రోజు వచ్చింది. మా గది బయట వరండా అంతా పిల్లలు. బూట్ల మేస్త్రీ ఒక మూల తోలు, కమ్మీలు పరుచుకుని, పాత పేపరు మీద పాదాల కొలతలు గీస్తున్నాడు. మా వాళ్ళ వంతు వచ్చింది. అవ్వ పిల్లను బల్ల మీద కూర్చోబెట్టింది. తండ్రి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. డాక్టరుగారు కేసు కాగితం తిప్పి, నా వాక్యం దగ్గర ఆగారు.

"ఏమ్మా, ఇంటి దగ్గర వ్యాయామం చేయించడం లేదంట? ఇక్కడికొచ్చి మాత్రం బూటు కావాలంటారు!"

"ఎవురు సార్ సెప్పింది?" అంది అవ్వ.

"ఇక్కడ రాసి ఉంది."

అవ్వ ఆ కాగితాన్ని చూసింది. చదువు రాదు. కానీ అందులో రాత ఎవరిదో తెలుసుకోవడానికి చదువు రానక్కర్లేదు. నా వైపు చూసింది. అదే భరించలేకపోయాను.

నోరు తెరిచాను. మగ్గం దగ్గర వచ్చిన గొంతు ఎమ్మిగనూరులోనే ఉండిపోయినట్టుంది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయా అలవాటు ప్రకారం తన చెవి నా నోటి దగ్గర పెట్టింది. "అది... నేను..." అన్నాను.

ఆయా నిటారుగా నిలబడి ప్రకటించింది: "మేడం ఏమంటాందంటే, ముందు మోకాలు కొలవండి సారూ, తిట్టేది ఆ మీద తిట్టొచ్చు అంటాంది!"

నేను ఆ మాట అనలేదు. ఈ జన్మలో అనలేను. డాక్టరుగారు కళ్ళజోడు మీదుగా నన్ను కొత్తగా చూశారు. "సరే, కొలుద్దాం" అన్నారు.

ఎడమ మోకాలి మీద ఒక చేయి, మడమ కింద ఒక చేయి పెట్టి సాగదీశారు. సాగింది. చివర కొంచెం, ఒక వేలెడు వంపు మిగిలింది. ఆయన పెదవి విరిచారు. బూటా, ఆపరేషనా? ఆ వేలెడు మేర దగ్గర ఆలోచిస్తూ అలాగే పట్టుకున్నారు. పన్నెండు వారాల్లో నేను పోగొట్టిన ఏడు వారాలు ఆ వేలెడులో ఉన్నాయని నాకు తెలుసు.

ఆయన పట్టు వదలకపోయేసరికి పిల్ల గుమ్మం వైపు తిరిగి గట్టిగా అరిచింది: "నాయ్నా! బిర్నా కొట్టు నాయ్నా!"

గుమ్మంలో తండ్రి కుడిచేయి దానంతటదే లేచింది. లేని తాడు పట్టుకుని గాలిలో గుంజింది. "ఒకటీ... రెండూ..." అన్నాడు. పక్కనున్న కాంపౌండరు తలకు ఆ చేయి తగిలింది.

"నిదానంరా!" అంది అవ్వ. "సారు పట్టుకోనుండాడు. ముప్పై సక్కగా కొట్టు."

డాక్టరుగారు పిల్లను చూశారు, తండ్రిని చూశారు. "ఏమిటిది?" అన్నారు. అవ్వ అంతా చెప్పింది. నాడె, ముప్పై, తెగిన దారం, యాభై బేరం అన్నీ. ఏ కాలికి ఎన్ని వారాలో మాత్రం చెప్పలేదు. డాక్టరుగారు ముందు నవ్వు ఆపుకున్నారు, తర్వాత ఆపుకోలేకపోయారు. వరండాలో మేస్త్రీ కూడా నవ్వాడు. మోకాలిని మాత్రం ముప్పై దాకా ఆయన వదల్లేదు. ముప్పై దగ్గర ఆ వేలెడు కాస్తా అరవేలెడైంది.

"బూటు ఇద్దాం" అన్నారు. "మళ్ళీ వచ్చినప్పుడు ఈ మిగిలింది కూడా పోవాలి. ఇంత చేయించేవాళ్ళను చేయించడం లేదని ఎవరు రాశారమ్మా?"

"నేనే" అన్నాను. నిజంగానే అన్నాను. అదే సమయానికి ఆయా, "తర్వాత ఎవురు? రాండి, జల్దీ!" అని అరిచింది. డాక్టరుగారే ఆ వాక్యాన్ని కొట్టేసి పక్కన సంతకం చేశారు. నా అబద్ధం అలా మరొకరి చేత్తో మాఫీ అయింది. అది ఎందుకు పుట్టిందో మాత్రం ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు.

పిల్ల నడిచింది. కమ్మీల బూటుతో టక్కుటక్కుమంటూ బడికి పోయింది. ఎనభైల మధ్యలో, నాకు బదిలీ కావడానికి నెల ముందు, అవ్వ ఒంటరిగా ఆదోని వచ్చింది. ఎడమ భుజం పట్టేసి చేయి పైకి లేవడం లేదట. పిల్ల ఎలా ఉందని అడిగాను. "దానికేం! బడి ఎగ్గొట్టి పారిపోతాంటే బూటు సప్పుడుకు అయివారు పట్టేస్తాండాడంట. ఆ సప్పుడు లేని బూటు ఇప్పించమని నా పానం తీస్తాంది" అంది.

బల్ల మీద కూర్చోబెట్టాను. ఆయా ఆ మూల ఎవరికో ఏదో ప్రకటిస్తోంది. వ్యాయామం చూపిద్దామని, చేతి అలవాటు కొద్దీ, అవ్వ కుడిచేయి పట్టుకున్నాను. అవ్వ నా చేతిని మెల్లగా తీసి తన ఎడమ భుజం మీద పెట్టుకుంది. ఆయాకు వినబడకుండా నా చెవి దగ్గరికి వంగింది. ఆ రోజు తర్వాత నేనామెను మళ్ళీ చూడలేదు.

"ఈ తూరి నొప్పుండేదాని మీదే సూపించు తల్లీ. లేకుంటే మళ్ళా ఏడు వారాలకు వచ్చి, ఆ సెయ్యి అయిపాయె అవ్వా, ఇప్పుడు ఈ సెయ్యి అంటావు."